ఇంటిపేరు ముందు, తర్వాత కామా

వ్యాసం వాపసు వచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పుట్టింట్లో అందరూ అనేవారు. అత్తగారింట్లో మర్యాదకు ఎవరూ అనలేదు గానీ, తెలుసుకోవడానికి వాళ్లకు ఎంతోకాలం పట్టలేదు. కాలేజీ అడ్రసుకు వచ్చిన కవరును జగిత్యాలలోని మా ఇంటికి తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని చింపి, పై ఉత్తరం చదివి, కాగితాల కట్టను అలాగే గిరాటేశాను. దారం ఊడి కాగితాలు మల్లెపందిరి దాకా ఎగిరాయి.

ఉత్తరంలో తిట్టేమీ లేదు. విషయం బాగుంది, కొలతలు నమ్మదగ్గవి, అచ్చు వేయడానికి అభ్యంతరం లేదు అనే ఉంది. చివర ఇచ్చిన రెఫరెన్సులు మాత్రం పత్రిక పద్ధతిలో లేవు, సరిచేసి దసరాలోగా పంపితే సరే, లేకపోతే లేదు అని కూడా ఉంది. ఇంజనీరింగు వ్యాసం రాసేవాళ్లు, ఆ సంగతి మీద తమకంటే ముందు ఎవరెవరు ఏం తేల్చారో, అది ఎక్కడ అచ్చయిందో చివర వరసగా చెప్పాలి. పెద్దలకు దండం పెట్టినట్టన్నమాట. ఆ దండం ఎట్లా పెట్టాలో ఒక కాగితం నిండా నియమాలు అచ్చువేసి జతచేశారు. మొదటి నియమమే నన్ను మండించింది. రచయిత ఇంటిపేరు ముందు పూర్తిగా రాయాలి. తర్వాత కామా. ఆ తర్వాత సొంతపేరు పొడి అక్షరంగా.

మన దగ్గర దీనికి అంతా తలకిందులు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ముందు నిలబడుతుంది, మనిషి పేరు నిండుగా వెనకాల వస్తుంది. బడిలో హాజరు దగ్గర్నుంచి పెళ్లిపత్రిక దాకా అంతే. మొదటిసారి పంపినప్పుడు తెల్లవాళ్ల పేర్లన్నీ, చివరి మాటను ముందుకు తెచ్చి, సరిగ్గానే తిప్పాను. అదే ఊపులో ఒక తెలుగు ప్రొఫెసరు పేరును కూడా తిప్పేశాను. ఆయన ఇంటిపేరు ముందే ఉంది. నేను తిప్పేసరికి ఆయన సొంతపేరు ఇంటిపేరై కూర్చుంది, ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది. తెలుగుదాన్ని అయ్యుండి నేను చూసుకోని ఆ తప్పు దగ్గర పత్రికవాళ్లెవరో పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టారు. కోపంలో సగం ఆ గుర్తు మీదే.

ఆ వ్యాసం నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. కాలేజీలో నాది తాత్కాలిక ఉద్యోగం. పక్కా ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరగబోతోంది, దానికి సొంత పేరు మీద రెండు వ్యాసాలు అచ్చయి ఉండాలి, లేదా అచ్చుకు ఒప్పుకున్నట్టు ఉత్తరమైనా ఉండాలి. ఒకటి పెళ్లికి ముందే, వరంగల్‌లో ఎంటెక్ చదివేటప్పుడు అచ్చయింది. ఇది రెండోది. ఇది పోతే నేను చాక్‌పీసు దుమ్ము తుడుచుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే.

సిరిసిల్లలో సాంచాలు ఆడుతుంటే ఇంటి గోడలు ఎందుకు పగులుతాయన్నది ఆ వ్యాసంలో విషయం. పవర్‌లూమును అక్కడ సాంచా అంటారు. మా ఆయనకు సిరిసిల్ల బ్యాంకులో పని, అక్కడే ఒక గదిలో ఉండేవాడు. సెలవుల్లో నేను వేములవాడ మీదుగా బస్సులో వెళ్లి, కాలేజీ నుంచి అరువు తెచ్చిన మీటరును సాంచాల పక్కన నేల మీద పెట్టి అదురును కొలిచేదాన్ని. ఒకింట్లో గోడకు నా చెయ్యి దూరేంత పగులు ఉంది. భయం వేయడం లేదా అని ఆ ఇంటామెను అడిగాను. "పగిలితే పగిలింది తియ్యమ్మా, సాంచా ఆగితెనే మాకు భయం" అని నవ్వి, నాకు చాయ్ పోసింది. పగలంతా ఆ చప్పుడులో ఉండి బయటికొస్తే చెవుల్లో అదే మోత. అయినా ఆ పని నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఎగిరిన కాగితాలను ఒక్కొక్కటే ఏరి తెచ్చింది మా మామయ్య. మా ఆయన తండ్రి. కాగితాలకు అంటిన మట్టిని ధోవతి అంచుతో తుడిచి, వరస సరిచేసి, నియమాల కాగితాన్ని మాత్రం పడక కుర్చీలోకి తీసుకెళ్లారు. ఆయన చదువు నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. ఇంగ్లీషు అక్షరాలు తర్వాత సొంతంగా నేర్చుకున్నవే, అందుకని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేవారు. మొదటి నియమానికి అర్థం ఏమిటని అడిగారు. చెప్పాను.

"ఇంటిపేరు పూర్తిగ రాయకపోతె ఒప్పుకోరా?" అన్నారు.

ఒప్పుకోరని చెప్పాను. ఆయన ఆ నియమాన్నే మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కున్నారు. ఎందుకో నాకు తెలుసు.

అవి అన్నల రోజులు. అన్నలంటే నక్సలైట్లని ఈ దిక్కు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. చందుర్తి పక్కన ఒక ఊళ్లో మామయ్యవాళ్లది భూములున్న ఇల్లు. ఆ ఇంటిపేరు వింటే చుట్టుపక్కల ఊళ్ల మనుషులు ఒకప్పుడు అరుగు దిగి నిలబడేవారట. వాళ్లు ప్రేమతో నిలబడ్డారని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ మాట ఒకసారి మామయ్యతోనే అన్నాను, ఆయన కాదనలేదు. నా పెళ్లయిన కొత్తలో ఊళ్లోంచి అన్నల కబురు ఒకటి వచ్చింది. ఎవరు తెచ్చారో, అందులో ఏముందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కొద్దిరోజుల్లోనే ఇంటికి తాళం వేసి అందరం జగిత్యాలకు వచ్చేశాం.

జగిత్యాలలో ఇల్లు కిరాయికి అడిగినప్పుడు ఇంటి యజమాని, మన దగ్గర అందరూ అడిగినట్టే, ముందు ఇంటిపేరు అడిగాడు. మామయ్య నోటికి ఆ క్షణాన అత్తమ్మ పుట్టింటి ఇంటిపేరు వచ్చింది. అదే చెప్పేశారు. ఇక ఆ వాడలో పాలవాడికీ పేపరువాడికీ పక్కింటివాళ్లకీ మేము అత్తమ్మ పుట్టింటివాళ్లం. బస్సులో ఎవరు అడిగినా అదే. మామయ్యకు అది మింగుడుపడేది కాదు. ఎవరైనా ఆ ఇంటిపేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా తల తిప్పేవారు. అత్తమ్మ మాత్రం పడీ పడీ నవ్వేది. "పెండ్లినాడు గుంజుకున్నరు, ఇన్నేండ్లకు వాపస్ ఇచ్చిండ్రు" అనేది.

రెఫరెన్సుల పని మర్నాటి ఆదివారం మొదలైంది. నేను అడగకుండానే మామయ్య కుర్చీని నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు. హైదరాబాదు లైబ్రరీలో కూర్చుని రాసుకొచ్చిన కార్డులు నా చేతిలో, కొత్తగా రాసిన వరస ఆయన చేతిలో. ఆయన ఒక్కో అక్షరం, ఒక్కో చుక్క, ఒక్కో కామా చదువుతారు, నేను కార్డుతో సరిచూస్తాను. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లయితే మాట మొదలు చూసి మిగతాది ఊహించుకుంటారు. మామయ్యకు ఊహించుకోవడం రాదు కాబట్టి ఏ అక్షరమూ తప్పించుకోలేదు. అన్నిటికంటే విసుగు అంకెలతో. ఎవరి మాట వ్యాసంలో ముందు వస్తే వాళ్లకు ముందు అంకె. మధ్యలో ఒకరిని మరిచిపోయి తర్వాత చేర్చామా, ఆ కిందివాళ్లందరూ ఒక మెట్టు దిగాల్సిందే. భోజనాల బంతిలో ఆలస్యంగా వచ్చిన చుట్టం కోసం అందరూ జరిగినట్టు జరిపేవాళ్లం.

కొద్దిరోజుల్లో అది మా ఇద్దరికీ ఆటగా మారింది. ప్రతి పేరు దగ్గరా ఆగి "గీనిది ఇంటిపేరేది, పేరేది?" అని అడిగేవారు. ఒక జపాను ఆయన ఇంటిపేరు మనలాగే ముందు పెట్టుకుంటాడని చెబితే మామయ్యకు ఎంత సంతోషమో, ఆ దేశం మీద అంతకుముందు లేని గౌరవం వచ్చేసింది. ఒక తమిళాయన దగ్గర మాత్రం మేమిద్దరం చిక్కుకుపోయాం. ఆయనకు ఉన్నది తండ్రి పేరులోని ఒక్క అక్షరం, తన పేరు, అంతే. అసలు ఇంటిపేరే లేదు. నియమాల కాగితం ఆ సంగతి ఎత్తనే లేదు. చివరికి ఆయన సొంతపేరునే ఇంటిపేరు స్థానంలో కూర్చోబెట్టాం. మామయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు, "ఇంటిపేరే లేదా? గాయిన నసీబ్ మంచిది బిడ్డా."

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వు ముందే ఆగిపోయింది, ఎందుకంటే నేను చివరికి దాచుకున్న కార్డు ఒకటి ఉంది.

నా మొదటి వ్యాసం కూడా ఆ వరసలో రావాలి. అది అచ్చయింది మా నాన్న ఇంటిపేరుతో. అచ్చయినదాన్ని అచ్చయినట్టే రాయాలి, మార్చడానికి లేదు. మరి ఈ వ్యాసానికి పైన, రచయిత పేరు దగ్గర, ఏ ఇంటిపేరు పెట్టాలి? పైన ఒక ఇంటిపేరు, కింద ఇంకొక ఇంటిపేరు ఉంటే చూసేవాళ్లకు ఇద్దరు మనుషులు. ఇద్దరికి చెరొక వ్యాసం. ఉద్యోగం ఇద్దరిలో ఎవరికీ రాదు. నిజం చెప్పాలంటే ఉద్యోగం ఒక్కటే కాదు. ఆ మొదటి వ్యాసం రాసిన పిల్ల ఎవరో, నేనెవరో అన్నట్టు ఉండటం నాకు సుతరామూ ఇష్టం లేదు.

కానీ పెళ్లయ్యాక నా పేరు ముందు తమ ఇంటిపేరు చేర్పించింది మామయ్యే. ఊళ్లో ఉన్నప్పుడు, ఇంకా ఆ పేరు దాచే అవసరం రాకముందు, రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు ఎక్కించడానికి తనే స్వయంగా ఆఫీసుకు వెళ్లి, ఇంటిపేరు పూర్తిగా రాయించి, ఊరంతా చూపించుకున్నారట. ఇప్పుడు ఆ మనిషితో మీ ఇంటిపేరు నాకు అక్కర్లేదని ఎట్లా చెప్పడం? మా ఆయనను అడిగితే, నాన్ననే అడుగు అని సిరిసిల్ల బస్సెక్కి తప్పించుకున్నాడు. కప్పకు పామును కాపలా పెట్టినట్టు ఉంది ఆ సలహా. అందుకని పైన ఆ స్థానం ఖాళీగా వదిలేసి రోజులు నెట్టుకొచ్చాను. దసరా దగ్గరపడుతోంది.

చివరి కార్డు సరిచూసే రోజు వచ్చింది. మామయ్య ఎప్పటిలాగే ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. నాలుగైదు అక్షరాలు పలికాక గొంతు నెమ్మదించింది.

"గిది మా వియ్యంకుని ఇంటిపేరు గద?"

"నేనే మామయ్యా. పెండ్లికి ముందు రాసిన" అన్నాను.

ఆయన కాగితాలు వెనక్కి తిప్పి మొదటి పేజీ తీశారు. పైన ఖాళీ స్థానం చూశారు. నేను వివరమంతా చెప్పాను, ఇద్దరు మనుషుల సంగతితో సహా. గబగబా చెప్పాను, చెబుతుంటే నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆయన అంతా విని, కాగితాలను బల్ల మీద పెట్టి, లేచి వెళ్లి మల్లెపాదుకు నీళ్లు పోయడం మొదలుపెట్టారు. అప్పటికే పొద్దున ఒకసారి పోసిన పాదు అది.

సాయంత్రం అందరం భోజనాలకు కూర్చున్నాం. అత్తమ్మకు సంగతి ఎట్లా తెలిసిందో గానీ, చారు వడ్డిస్తూ గోడకు చెప్పినట్టు చెప్పింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నారు పెద్దలు, మన ఇంటిపేరు చెప్పుకునేందుకే దిక్కు లేదు, ఇంకా దానికి పట్టింపులా అంది. ఆపైన మామయ్య వైపు తిరిగి ఒక్కటే మాట అడిగింది. "మీరు నా నాయిన ఇంటిపేరు మీద ఇల్లు తీస్కోవచ్చు గని, పోరి దాని నాయిన ఇంటిపేరు మీద కాయితం రాస్కోవద్దా?"

మామయ్య మజ్జిగ తాగి లేచారు.

టైపు పనికి నేను కోరుట్ల పోవాలి. జగిత్యాల టైపు మిషన్ల మీద గుండ్రటి బ్రాకెట్లే ఉండేవి. పత్రికకు రెఫరెన్సు అంకెల చుట్టూ చతురస్రపు బ్రాకెట్లు కావాలి. అవి ఉన్న మిషను ఈ చుట్టుపక్కల కోరుట్లలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటులోనే ఉందని కాలేజీలో చెప్పారు. పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. వస్తానని చెప్పలేదు, ఎందుకని నేను అడగలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా పసుపు చేన్లను చూస్తూ ఉన్నారు. ఆయన మనసులో ఏముందో తెలియక నాకు దారంతా గుబులుగానే ఉంది.

ఆ ఇన్‌స్టిట్యూటు నడిపేది నడివయసు మనిషి, కోర్టు దరఖాస్తులూ అఫిడవిట్లూ టైపు చేసి చేసి వేళ్లు అరిగినవాడు. చేతివేగం చూస్తే ముచ్చటేసింది. రెఫరెన్సుల మొదటి కాగితం బయటికి తీసి చూశాను. ప్రతి తెల్లవాడి పేరు ముందూ శ్రీ అని కొట్టాడు. ఎందుకు పెట్టావని అడిగితే, ఇంతింత చదువు చదివినవాళ్లను ఉత్త పేరుతో రాస్తే బాగుండదు కదా మేడం అన్నాడు. ఆయన మర్యాద ఆయనది. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. శ్రీలన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచి కొట్టించాను. పత్రికల పేర్ల కింద గీత రావడానికి మిషనును వెనక్కి లాగి లాగి కొడుతుంటే మామయ్య పక్కనే నిలబడి చూశారు.

వరస అయిపోయాక అతను మొదటి పేజీ ఎక్కించి ఆగాడు. పైన ఇంటిపేరు జాగా ఖాళీగా ఉంది, ఏం కొట్టాలి అని అడిగాడు.

మామయ్య చెప్పారు. మా నాన్న ఇంటిపేరును, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కటిగా, చేతిలో ఏ కాగితం లేకుండా చెప్పారు. చివరి అక్షరం దాకా చెప్పి, "ఆమె నాయిన ఇంటిపేరు. గదే కొట్టు. రెండు దిక్కుల ఒక్కతీరు ఉండాలె" అన్నారు.

నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. అతను కొట్టడం అయ్యేదాకా బయట చాయ్ తాగుదామని మామయ్యే నన్ను తీసుకెళ్లారు. సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు వైపు చూస్తూ అన్నారు. "సొంత ఇంటిపేరు ఇడిసిపెట్టి బతుకుడు ఎంత తిప్పలనో నాకెరుక బిడ్డా. గా తిప్పల నీకెందుకు?"

ఆ ఒక్క మాటతో ఇన్నాళ్లుగా నా మీద ఉన్న బరువంతా దిగిపోయింది. నేను ఇంకో చాయ్ చెప్పాను.

తిరిగి వెళ్లేసరికి ఒక్క పేరా మిగిలి ఉంది. వ్యాసం చివర, రెఫరెన్సులకు ముందు, సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పే చోటు. సాంచాలు ఆపకుండానే కొలుచుకోనిచ్చిన సిరిసిల్ల ఇళ్లవాళ్లకు, ఆ తర్వాత రెఫరెన్సులు సరిచూసిన మామయ్యకు అని రాసుకున్నాను. ఆయన ఇబ్బంది తెలుసు కాబట్టి పొడి అక్షరం, పేరు, అంతే రాశాను. మామయ్య వంగి తన పేరు చూసుకున్నారు. అక్కడ కూడా పూర్తిగా రాయాలన్న నియమం ఉందా అని అడిగారు. లేదు, అక్కడ మన ఇష్టం అన్నాను.

"గీ పుస్తకం మన దిక్కు ఎవ్వలన్న సదువుతరా?"

ఉన్నది ఉన్నట్టే చెప్పాను, నేను తప్ప ఎవరూ చదవరని. మామయ్య గుమ్మం వైపు ఒకసారి చూశారు. వీధిలో ఒక సోడాబండి పోతోంది, అంతకుమించి ఎవరూ లేరు.

"అయితె పూర్తిగ కొట్టు" అన్నారు.

తన ఇంటిపేరును ఆయన అక్షరం అక్షరం చెప్పారు. మొదటి అక్షరాలు లోగొంతుకతో వచ్చాయి. చివరికి వచ్చేసరికి మామూలు గొంతు వచ్చేసింది. టైపు చేసే మనిషి తల ఎత్తను కూడా లేదు.

దసరాకు ముందే కట్ట పోస్టులో వేశాను. ఈసారి ఒక్క ప్రశ్న గుర్తు లేకుండా ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూలో రెండు వ్యాసాలు పక్కపక్కన పెట్టి చూసి, ఒక్కరివేనా అని కూడా ఎవరూ అడగలేదు. ఉద్యోగం వచ్చింది. సంచిక ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ పాయసం చేసింది.

మామయ్య ఆ సంచికను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. సమీకరణాలు, గీతలు, పట్టికలు ఏవీ ఆయనకు అర్థం కావు, అయినా ఒక్కో పేజీ వరసగా తిప్పారు. మొదట నా పేరు దగ్గర ఆగారు, చివర తన పేరు దగ్గర ఆగారు, అక్కడ వేలు పెట్టి అలాగే ఉండిపోయారు. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, అలవాటైన అత్తమ్మ ఇంటిపేరుతోనే ఆయన్ను పిలిచాడు. మామయ్య తల ఎత్తలేదు. ఆయన సంచికను మూసి నా చేతికిస్తూ మెల్లగా అన్నారు.

"గీ పుస్తకంల ఒక్క అబద్ధం గుడ లేదు బిడ్డా."